వాకింగ్ డెడ్ ఆరో సీజన్ ఫినాలే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడున్నదంతా ‘వాకింగ్ డెడ్’ అనే జాంబీ సీరియల్ ఆరో సీజన్ ఫినాలే, అంటే ఆ సీజన్‌లో ఆఖరిదైన పదహారో ఎపిసోడ్, ‘లాస్ట్ డే ఆన్ ఎర్త్’ గురించి. అమెరికాలో ఏఎంసీ ఛానెల్‌లో 2016 ఏప్రిల్ 3న ప్రసారమైంది. అందులో రిక్ నడిపించే బృందాన్ని సేవియర్లనే ముఠా పట్టుకుని మోకాళ్ల మీద కూర్చోబెడుతుంది, ముఠా నాయకుడు నీగన్ వాళ్లలో ఒకరిని బ్యాటుతో కొడతాడు, కొట్టింది ఎవరినో చూపించరు. ఆ ఆఖరి దృశ్యాన్ని అలా సగంలో ఆపేశారు కాబట్టి ఏడో సీజన్ మొదటి ఎపిసోడ్ సంగతులు కూడా దాచకుండా వస్తాయి. ఆ రెండూ చూడనివాళ్లు ముందు చూసి రండి.

అసలు ఆ రాత్రి ఎవరు చచ్చిపోయారు? సూటిగా చెప్పండి.

ముందు ఏబ్రహాం, తర్వాత మ్యాగీ భర్త గ్లెన్. ఇద్దరూ రిక్ బృందంలోవాళ్లే. ఫినాలే చివర్లో నీగన్ బ్యాటు పడేది ఏబ్రహాం నెత్తి మీదే. ఆ సంగతి 2016 అక్టోబర్ 23న, ఏడో సీజన్ మొదలైన రోజు తేలింది. ఏబ్రహాం పోయాక నీగన్ ఆ రక్తపు బ్యాటుని రోసీటా మొహం ముందు ఆడిస్తుంటే డారిల్ తట్టుకోలేక లేచి గుద్దుతాడు. దానికి శిక్షగా గ్లెన్‌ని కొడతాడు. అందుకే ‘ఫినాలేలో పోయింది గ్లెన్’ అంటే లెక్క తప్పుతుంది. గ్లెన్ చావు ఫినాలేలో లేదు, నీగన్ ముందే వేసుకున్న పథకంలోనూ లేదు.

మోకాళ్ల మీద కూర్చోబెట్టింది మొత్తం ఎంతమందిని?

పదకొండు మందిని. ఆర్వీలో, అంటే ఇల్లులాంటి పెద్ద బండిలో బయల్దేరినవాళ్లు ఏడుగురు: రిక్, అతని కొడుకు కార్ల్, ఏబ్రహాం, సాషా, ఆరన్, యూజీన్, మ్యాగీ. వ్యాన్‌లో బందీలుగా తెచ్చినవాళ్లు నలుగురు: డారిల్, మిషోన్, గ్లెన్, రోసీటా. ఎపిసోడ్‌లో అక్కడక్కడ చిమ్మచీకటి, చిన్న చిల్లుల్లోంచి వెలుతురు పడే దృశ్యాలు వస్తాయి కదా, అది ఆ వ్యాన్ లోపలే. మొదటిసారి చూసేటప్పుడు అదేంటో అర్థం కాదు. రెండోసారి చూస్తే ఆ నలుగురూ మొదట్నుంచీ అక్కడే ఉన్నారని తెలుస్తుంది.

డారిల్ దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడేంటి?

ముందు ఎపిసోడ్ చివర్లో డ్వైట్ అనే సేవియర్ తుపాకీతో కాల్చాడు. ఆ గాయమే.

నీగన్‌కి వీళ్ల మీద అంత కక్ష దేనికి? అప్పటిదాకా మొహమైనా చూడలేదుగా.

కక్ష వీళ్లే మొదలెట్టారు. చాలామంది మర్చిపోయే సంగతి ఇదే. తొమ్మిదో ఎపిసోడ్‌లో రోడ్డు మీద ఆపిన సేవియర్ల గుంపుని డారిల్ రాకెట్ లాంచర్‌తో పేల్చేస్తాడు. అది ఆత్మరక్షణే అనుకుందాం. పదకొండో ఎపిసోడ్‌లో హిల్‌టాప్ అనే పక్క ఊరి పెద్ద గ్రెగరీతో మ్యాగీ బేరం కుదురుస్తుంది: సేవియర్ల పీడ మేం వదిలిస్తాం, మీ సరుకులో సగం మాకివ్వండి అని. పన్నెండో ఎపిసోడ్‌లో రాత్రిపూట వాళ్ల స్థావరంలోకి దూరి, నిద్రలో ఉన్నవాళ్లని నిద్రలోనే పొడిచి చంపుతారు. గ్లెన్ మొదటిసారి మనిషిని చంపేది అక్కడే. ఆ దృశ్యంలో అతని చేతులు చూడండి.

ఆ స్థావరమే మొత్తం అనుకోవడం దగ్గర లెక్క తప్పింది. అది నీగన్‌కున్న చాలా చౌకీల్లో ఒకటి. పదమూడో ఎపిసోడ్‌లో బృందంలోని కారల్, మ్యాగీ మరో సేవియర్ల గుంపు చేతిలో చిక్కినప్పుడే ఈ అనుమానం గట్టిగా రావాల్సింది. రాలేదు.

దారి పొడవునా అడ్డాలు పెట్టిన పద్ధతి కొంచెం వివరంగా చెప్తారా? చూస్తుంటే గందరగోళంగా ఉంది.

ఈ ఎపిసోడ్‌లో అసలు సరుకు ఇదే. బ్యాటు గొడవలో పడి దీన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అవసరం ఏమిటంటే, గర్భంతో ఉండి కడుపునొప్పితో విలవిల్లాడుతున్న మ్యాగీని రిక్ బృందం ఉండే ఊరు అలెగ్జాండ్రియా నుంచి హిల్‌టాప్‌లో ఉన్న డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. అలెగ్జాండ్రియాలో ఉన్న ఒక్క డాక్టర్ డెనీస్‌ని పద్నాలుగో ఎపిసోడ్‌లో డ్వైట్ బాణంతో కొట్టేశాడు. అంటే ఎటు బయల్దేరతారో శత్రువుకి ముందే తెలుసు. వెతకాల్సిన పని లేదు, దారులు మూస్తే చాలు.

మొదటి అడ్డా దగ్గర నీగన్ అనుచరుడు సైమన్, అతని మనుషులు, రోడ్డు మీద చావుదెబ్బలు తిన్న ఒక పరాయి బందీ. తిరగబడే బలం రిక్‌కి ఉంది. కానీ లోపల మ్యాగీ ఉంది, వెనక్కి తిప్పుతాడు. తర్వాత ఇంకో దారిలో వాకర్లని, అంటే జాంబీలని, గొలుసులతో కట్టి రోడ్డుకి అడ్డంగా నిలబెట్టారు. వాటిలో ఒకదానికి మిషోన్ జడ పాయ తగిలించి ఉంటుంది, ఇంకోదానికి డారిల్ బాణాలు దిగి ఉంటాయి. ‘మీవాళ్లు మా దగ్గరున్నారు’ అని చెప్పడమన్నమాట. రిక్ దగ్గరికెళ్లి వాటిని తప్పించబోతుంటే చెట్లలోంచి కాల్పులు మొదలవుతాయి. తూటాలన్నీ కాళ్ల దగ్గరే పడతాయి. చంపాలని కాదు, తోలుతున్నారు. రిక్‌కి ఆ మాట అప్పుడే అర్థమవుతుంది. అర్థమైనా చేయగలిగింది లేదు.

మరో దారిలో మనుషుల సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఆఖర్న దుంగల గుట్ట వస్తుంది. పొద్దున చూసిన ఆ బందీనే మెడకి గొలుసు కట్టి వంతెన మీంచి తోసేస్తారు, తర్వాత దుంగలకి నిప్పు పెడతారు. ఎపిసోడ్ పేరు సైమన్ మాటల్లోంచి వచ్చిందే: భూమ్మీద ఇదే ఆఖరి రోజన్నట్టు మీవాళ్లని చూసుకో అంటాడు.

గమనించాల్సింది వరస. ప్రతి అడ్డా దగ్గర మనుషులు పెరుగుతారు, వెలుతురు తగ్గుతుంది, ఇంధనం అరుగుతుంది, మ్యాగీకి జ్వరం ఎక్కుతుంది. ఏ అడ్డా దగ్గరా పూర్తిగా మూసెయ్యరు, వెనక్కి వెళ్లే దారి ఒకటి ఎప్పుడూ వదులుతారు. మూల చిక్కిన మనిషి తెగించి కొట్లాడతాడు. తప్పించుకునే సందు ఉన్నవాడు ఆ సందులోకే పరిగెడతాడు. చీకటి పడ్డాక మిగిలిన సందు అడవి ఒక్కటే, వాళ్లు కాచుకు కూర్చుంది అక్కడే.

యూజీన్ ఆర్వీ తీసుకుని వేరే దారిలో వెళ్లడం మంచి ఉపాయం కాదా?

ఉపాయం మంచిదే. వేళే మించిపోయింది. శత్రువు బండిని చూసి వెంటాడుతున్నాడనుకుని బండిని ఎరగా వేశారు. కానీ వాళ్లు వెంటాడట్లేదు, ముందే చోటు చూసుకుని కూర్చున్నారు. ఆర్వీ దొరికిపోయింది, యూజీన్ చావుదెబ్బలు తిన్నాడు. చివరికి నీగన్ మెట్లు దిగేది ఆ ఆర్వీలోంచే. బయల్దేరే ముందు తూటాలు తయారు చేసే పద్ధతి రాసిన కాగితం రిక్ చేతిలో పెడతాడు. సీజన్ మొత్తం పిరికివాడని వెక్కిరింపులు పడ్డ మనిషికి అది గొప్ప వీడ్కోలు. ఏబ్రహాం అతన్ని కౌగిలించుకోవడం కూడా అక్కడే.

రిక్ బృందం తప్పులు ఒకచోట చెప్పండి.

తీరిగ్గా కూర్చుని వాళ్ల తప్పులెన్నడం తేలికే అనుకోండి, అయినా అడిగారు కాబట్టి.

పగ తీర్చుకోవడానికి డారిల్ ఒక్కడూ వెళ్లాడు. అతన్ని వెనక్కి తేవడానికి గ్లెన్, మిషోన్, రోసీటా వెళ్లారు. నలుగురు పోరాటగాళ్లు ఒక్క పూటలో చేజారారు. కారల్ ఊరు వదిలింది, ఆమెని వెతుకుతూ మోర్గన్ వెళ్లాడు. మిగిలిన గట్టివాళ్లు ఒకే బండెక్కారు. ఊళ్లో కాపలా గేబ్రియల్ చేతిలో పెట్టారు. ఎనిడ్ అనే అమ్మాయిని కార్ల్ లోపల పెట్టి తాళం వేశాడు.

బండికి ముందు ఒక చిన్న వాహనం పంపి దారి చూసుకోలేదు. ఆర్వీ పెద్దది, నిదానం, ఇరుకు రోడ్డులో తిప్పడమే కష్టం. ముందు బైక్ మీద ఒకరు వెళ్లుంటే మొదటి అడ్డా దూరం నుంచే తెలిసేది.

మ్యాగీని కదపకుండా డాక్టర్‌నే అలెగ్జాండ్రియాకి తెస్తే పోయేదిగా అని అభిమానులు ఏళ్లుగా వాదిస్తున్నారు. పోను రాను రెండింతల సమయం పడుతుంది, హిల్‌టాప్‌లో ఉన్న స్కానింగ్ మిషన్ మోసుకురావడం కుదరదు. అయినా అడ్డాల దగ్గర తిరిగిన సమయం చూస్తే ఆ వాదనలో బలముంది.

ఆఖరిది మంచం. అడవిలో మ్యాగీని స్ట్రెచర్ మీద మోసుకెళ్తారు. యూజీన్ వెళ్లిపోయాక మ్యాగీ కాకుండా మిగిలింది ఐదుగురు. నలుగురు మోస్తే తుపాకీ పట్టుకునేది ఒక్కరు. అడవిలో సేవియర్ల ఈలలు మొదలయ్యే వేళకి వాళ్లు ఓడిపోయి చాలాసేపయింది.

మ్యాగీకి వచ్చిన జబ్బేంటి? బిడ్డ దక్కిందా?

దక్కింది. ఏడో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో డాక్టర్ కార్సన్ చెప్పేదాన్ని బట్టి మాయ గర్భసంచి గోడ నుంచి కొంత ఊడింది, కదలకుండా విశ్రాంతి తీసుకోవాలి. వైద్యులు ఈ పేరు సాధారణంగా ఐదో నెల దాటిన గర్భాలకే వాడతారు. పదకొండో ఎపిసోడ్ స్కానింగ్‌లో బిడ్డ ఇంకా చాలా చిన్నది, కథలో అప్పటికి గడిచింది కొన్ని రోజులే. రచయితలు ఇక్కడ కాస్త జారారు. పుట్టిన బాబుకి మ్యాగీ తండ్రి పేరే పెట్టారు, హెర్షెల్.

నీగన్ పాడిన లెక్కని బట్టి ఎవరో ముందే కనుక్కోవచ్చా?

ఆ వేసవంతా అభిమానులు కాగితాలు ఖరాబు చేసింది దీని మీదే. మన పిల్లలు ఆటకి ముందు పంటలు వేసి దొంగని తేల్చినట్టే, ‘ఈనీ మీనీ మైనీ మో’ అంటూ ఒక్కొక్కరికీ బ్యాటు చూపిస్తూ పోతాడు. ఆ పాటలో, చివర అతను కలిపిన ముక్కతో సహా, ముప్ఫై మాటలున్నాయి. పదకొండు మందికి మాటకొకరు చొప్పున వేస్తే రెండు చుట్లకి 22 పోతాయి, మిగిలినవి 8. అంటే మొదలెట్టిన మనిషి నుంచి ఎనిమిదోవాడు.

కాగితం మీద బాగానే ఉంది. తెర మీద మూడు చోట్ల తెగిపోతుంది. ఒకటి, నీగన్ మాటకొకరిని చూపించడు. కొన్నిచోట్ల రెండు మూడు మాటలు ఒకరి మీదే నడుస్తాయి, కొన్నిచోట్ల ఒక్క మాటకే ఇద్దరు ముగ్గురిని దాటేస్తాడు. రెండు, మధ్యలో కెమెరా మొహాల మీదికి మారుతుంటుంది, ఆ క్షణంలో అతను ఎటు నడిచాడో మనకి కనపడదు. మూడు, ఆఖర్న అందరినీ వదిలి బాధితుడి కళ్లలోంచి చూపిస్తారు, పక్కన ఎవరున్నారో కనిపించదు. పైగా నా లెక్కలో పాట ఉత్త నాటకమే. అతను ముందే అందర్నీ తేరిపార చూసి పెట్టుకున్నాడు. తండ్రీకొడుకుల్ని వదిలాడు, నడిపించే మనిషి బతికుంటేనే కింద పనిచేయించుకోవచ్చు కాబట్టి. తల ఎత్తి కళ్లలోకి చూసిన ఏబ్రహాంని ఎంచుకున్నాడు.

చివరి శబ్దాలు పెంచి విన్నా, బొమ్మ వెలుతురు పెంచినా ఏమైనా తెలుస్తుందా?

తెలియదు. అరుపులన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఎవరి గొంతు వినపడలేదో వాళ్లే పోయారన్న వాదన అప్పట్లో గట్టిగా నడిచింది. అది కూడా నిలవలేదు, ఎందుకంటే ఆ గోలలో సగం మంది గొంతు ఎవరిదో తేల్చలేం.

క్లిఫ్‌హ్యాంగర్ అన్నాక ఉత్కంఠ దగ్గర కథని ఆపేస్తారు కదా. జనానికి అంత కోపం ఎందుకొచ్చింది?

ఆపినందుకు కాదు. అదే సీజన్‌లో అదే మోసం మూడోసారి చేసినందుకు.

మూడో ఎపిసోడ్‌లో, 2015 అక్టోబర్ 25న, నికొలస్ కాల్చుకుని గ్లెన్‌తో సహా వాకర్ల గుంపులో పడతాడు. పేగులు లాగుతున్నట్టు చూపించారు. మొదట్లో పడే పేర్లలోంచి గ్లెన్ వేషం వేసిన స్టీవెన్ యూన్ పేరు కూడా తీసేశారు. నాలుగు వారాల తర్వాత, నవంబర్ 22న, చెత్తకుండీ కిందికి దూరి బతికాడని తేల్చారు. ఆ పేగులు నికొలస్‌వట. తర్వాత 2016 మార్చి 27న పదిహేనో ఎపిసోడ్ చివర డారిల్‌ని కాల్చగానే తెర మీద రక్తం చిమ్మి నల్లబడిపోయింది. సరిగ్గా వారానికి ఫినాలేలో మళ్లీ కెమెరా మీద రక్తం, మళ్లీ నలుపు. మూడోసారికి ప్రేక్షకుడు భయపడడు, లెక్కలేసుకుంటాడు.

రెండో కారణం నా దృష్టిలో ఇంకా పెద్దది. నీగన్ కనిపించే ఆఖరి దృశ్యాన్ని మోసింది రిక్ మొహం. రిక్ వేషం వేసిన ఆండ్రూ లింకన్ దాదాపు మాటల్లేకుండానే, చెమట పట్టి, కనురెప్పలు అదురుతూ, పొద్దున్నే ‘మనకి తిరుగు లేదు’ అనుకున్న మనిషి విరిగిపోవడం చూపిస్తాడు. సీజన్ అంతా నడిచింది ఆ విరుపు కోసమే. అసలు దెబ్బ పడే క్షణంలో ఆ మొహాన్ని వదిలేసి బాధితుడి కళ్లలోకి వెళ్లారు. దాంతో ‘రిక్‌కి ఏమైంది’ అన్న ప్రశ్న పోయి ‘ఎవరు పోయారు’ అన్న పొడుపుకథ మిగిలింది. ఒక మనిషి చావుకి ఏడవాల్సిన చోట ప్రేక్షకుడి చేత పందెం కాయించారు.

మూడోది ఎడం. ఏప్రిల్ 3 నుంచి అక్టోబర్ 23 దాకా 203 రోజులు, సరిగ్గా 29 వారాలు. అంతకాలం అరిగిపోయాక నిజంగా చూపించినప్పుడు బాధ కంటే ‘అమ్మయ్య, తేలింది’ అన్నదే ముందొచ్చింది.

సమర్థించేవాళ్లు ఏమంటారు?

కొట్టిపారేయలేని మాటే అంటారు. ఈ సీరియల్‌కి మూలమైన కామిక్ చదివినవాళ్లందరికీ గ్లెన్ పోతాడని 2012 నుంచే తెలుసు. ఫినాలేలో గ్లెన్‌నే చంపితే వాళ్లకి కొత్తేమీ లేదు, ఏబ్రహాంని ఒక్కడినే చంపితే ‘గ్లెన్‌ని కాపాడారు’ అని తేలిగ్గా తీసుకుంటారు. రెండు చావులూ ఒకేసారి, వరసగా, రెండోదానికి డారిల్ కారణమయ్యేలా రావాలంటే మొత్తం ఒకే ఎపిసోడ్‌లో ఉండాలి. కథ పరంగా అది సరే. అయితే ఫినాలేని నీగన్ ఆర్వీ మెట్లు దిగి బ్యాటు భుజాన వేసుకున్న చోట ఆపి ఉంటే ఇదే లాభం దక్కేది, ఆ రక్తపు తెర అవసరం ఉండేది కాదు.

కామిక్‌లో ఎలా ఉంది?

రాబర్ట్ కిర్క్‌మన్ రాసి, చార్లీ ఆడ్లర్డ్ బొమ్మలు వేసిన కామిక్ నూరో సంచిక, 2012 జులైలో వచ్చింది. అందులో గ్లెన్ చావుని దాచకుండా పేజీలకి పేజీలు చూపించారు. అంతా నలుపు తెలుపే. ఏబ్రహాం అప్పటికే పోయాడు: టీవీలో డెనీస్‌కి తగిలిన బాణం కామిక్‌లో అతనికి తగులుతుంది. ఇది గుర్తున్నవాళ్లు మాత్రం ఫినాలే చూసిన రాత్రే ‘ఏబ్రహాం అరువు రోజుల మీద బతుకుతున్నాడు’ అన్నారు. ఆ వేసవిలో వచ్చిన ఊహలన్నిట్లో ఆధారమున్నది అదొక్కటే.

అభిమానుల బృందానికి లాయర్ నోటీసు వెళ్లిందన్నది నిజమేనా?

నిజమే. 2016 జూన్‌లో ‘ది స్పాయిలింగ్ డెడ్ ఫ్యాన్స్’ అనే బృందం బాధితుడెవరో తమ అంచనా ప్రకటించబోతుంటే దావా వేస్తామని ఏఎంసీ లాయర్లు హెచ్చరించారు. వాళ్లు వెనక్కి తగ్గారు. ఒక ఊహ రాస్తే దావా ఏమిటని అప్పట్లో పెద్ద చర్చే జరిగింది.

ఈ గొడవ వల్ల చూసేవాళ్లు తగ్గారా?

ఐదో సీజన్ ఫినాలేని అమెరికాలో ప్రసార సమయానికి చూసినవాళ్లు సుమారు 1 కోటి 58 లక్షల మంది. ఆరో సీజన్ ఫినాలేకి 1 కోటి 42 లక్షలు. ఏడో సీజన్ మొదటి ఎపిసోడ్‌కి ఒక్కసారిగా 1 కోటి 70 లక్షలకి ఎగిసింది, అంటే క్లిఫ్‌హ్యాంగర్ పని చేసినట్టే. తర్వాతి కథ వేరు. రెండో ఎపిసోడ్‌కే 1 కోటి 25 లక్షలకి పడింది, ఆ సీజన్ ఫినాలేకి 1 కోటి 13 లక్షలు. ఎవరో తెలుసుకోవడానికి వచ్చినవాళ్లు తెలుసుకుని వెళ్లిపోయారు. మొదటి ఎపిసోడ్‌లో చూపించిన క్రూరత్వం చూసి ఆపేసినవాళ్లూ తక్కువేం కాదు.

జాంబీ సీరియల్ ఫినాలేలో జాంబీలే లేవేంటి?

గొలుసుల్లో కట్టినవి ఉన్నాయి, అదే సమాధానం. ఆరో సీజన్‌కి వచ్చేసరికి వాకర్లు మనుషుల చేతిలో కంచెలు, హెచ్చరికలు. మొదటి సగంలో వేలకొద్దీ వాకర్లని ఊరికి దూరంగా తోలడానికి రిక్ ఎలా పథకం వేశాడో, రెండో సగం చివర్లో రిక్‌ని సేవియర్లు అలాగే తోలారు. కావాలని రాసిందే.

కారల్, మోర్గన్ కథ ఎందుకు దూర్చారు?

ఊపిరి తీసుకోవడానికి, ఇంకా తర్వాతి సీజన్‌కి తలుపు తీయడానికి. వెంటాడి వచ్చిన సేవియర్ కారల్‌ని చెయ్యి, కాలు చూసి కాలుస్తాడు. ఎవర్నీ చంపనని ఒట్టేసుకున్న మోర్గన్ ఆమె కోసం ఆ ఒట్టు తీసి గట్టు మీద పెడతాడు. చివర్లో కవచాలు తొడుక్కుని వచ్చిన ఇద్దరూ కింగ్డమ్ అనే ఊరి మనుషులు. వాళ్ల ఊరు ఏడో సీజన్ రెండో ఎపిసోడ్‌లో కనిపిస్తుంది.

రాత్రి దృశ్యం మా టీవీలో మసిగుడ్డలా ఉంది. ఏం చేయాలి?

ఈ సీజన్ తీసింది 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద. బొమ్మ మీద సన్నటి ఇసుక రేణువుల్లా కదిలేది ఫిల్మ్ సహజ గుణం, లోపం కాదు. మీ టీవీ దాన్ని లోపమనుకుని తుడుస్తుంటే మొహాలు మైనపు బొమ్మల్లా అవుతాయి. ఈ వరసలో చూడండి.

పిక్చర్ మోడ్‌ని వివిడ్ లేదా స్టాండర్డ్ నుంచి సినిమా లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్‌కి మార్చండి. నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ పూర్తిగా ఆపండి. గది వెలుతురుని బట్టి తెరని తగ్గించే సెన్సర్, కరెంటు ఆదా చేసే మోడ్ కూడా ఆపేయాలి. చీకటి దృశ్యాలని ఎక్కువగా చంపేది ఈ రెండే. తర్వాత నీగన్ తోలు జాకెట్టు కనిపించే చోట పాజ్ చేసి బ్రైట్‌నెస్ సర్దండి. జాకెట్టు మడతలు కనిపించాలి, వెనక ఆకాశం మాత్రం బూడిద రంగులోకి పోకూడదు. సెట్‌టాప్ బాక్సో ప్లేయరో హెచ్‌డీఎంఐ తీగతో కలిపి ఉంటే బ్లాక్ లెవెల్ రెండువైపులా ఒకే రకంగా ఉందో లేదో చూడండి. ఒకటి ఫుల్, ఒకటి లిమిటెడ్ అయితే నలుపంతా కలిసి ముద్దైపోతుంది.

ఇవన్నీ చేసినా చెట్ల మధ్య నలుపు గళ్లుగళ్లుగా విడిపోతుంటే అది నెట్ వేగం సమస్య. యాప్‌లో క్వాలిటీని ఆటో నుంచి తీసి పైదానికి పెట్టండి, లేదా డౌన్‌లోడ్ చేసుకుని చూడండి. పగటిపూట కర్టెన్లు వేయకుండా మాత్రం ఈ ఎపిసోడ్ పెట్టుకోకండి.

నీగన్ బూతులు తిట్టే వెర్షన్ ఉందంటారు. ఎక్కడ?

టీవీలో వచ్చినదాంట్లో మాటలు మెత్తబరిచారు. అదే దృశ్యాన్ని కామిక్‌లో ఉన్నంత పచ్చిగా కూడా తీశారు, అది 2016 ఆగస్టులో వచ్చిన ఆరో సీజన్ బ్లూరేలో ఉంది. అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకునేవాళ్లు ఒక్క సంగతి చూసుకోవాలి. అక్కడి బ్లూరేలు రీజియన్ ఏ, ఇండియా రీజియన్ సీ. డీవీడీ అయితే అక్కడ 1, ఇక్కడ 5. డిస్కు అట్ట మీద ఏముందో, మీ ప్లేయర్ ఏవి చదువుతుందో సరిచూసుకోకుండా డబ్బు పెట్టొద్దు. నా మాటడిగితే ఆ బూతుల వల్ల దృశ్యానికి ఒరిగిందేం లేదు. నవ్వుతూ, నింపాదిగా, మర్యాదగా మాట్లాడే నీగనే ఎక్కువ భయపెడతాడు.

అమెరికాలో ఆదివారం రాత్రి అంటే మనకి ఎప్పుడు?

అక్కడి తూర్పు తీరంలో రాత్రి 9 అంటే, వేసవి సమయం నడుస్తున్నప్పుడు మనకి సోమవారం పొద్దున 6:30. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా 7:30. ఆరో సీజన్ ఫినాలే ఏప్రిల్‌లో కాబట్టి 6:30కి మొదలై, ప్రకటనలతో గంటన్నర సాగి, 8 గంటలకి అయిపోయింది. ఇప్పటికీ ఈ కుటుంబం నుంచి వచ్చే కొత్త సీరియళ్లకి లెక్క ఇదే. ఆఫీసుకెళ్లే దారిలో ఫోన్ తెరిస్తే కథ తెలిసిపోతుంది, చూసేదాకా పాత్రల పేర్లు మ్యూట్ చేసుకోవడమే మార్గం.

అంతా మళ్లీ చూసే ఓపిక లేదు. ఎక్కడి నుంచి మొదలెట్టాలి?

పదకొండు నుంచి పదిహేను దాకా ఐదు ఎపిసోడ్లు, తర్వాత ఫినాలే, ఆ వెంటనే ఏడో సీజన్ మొదటిది. ప్రకటనలు తీసేస్తే ఒక్కోటి ముప్పావు గంట లోపే, ఫినాలే గంట దాటుతుంది. సమయం ఇంకా తక్కువుంటే 12, 14, 15 చాలు: వీళ్లు చేసిన తప్పు, దానికి జవాబు, ఉచ్చులోకి నడవడం. గ్లెన్ చెత్తకుండీ వ్యవహారం కోసం 3, 7 చూడొచ్చు, కోపం తెచ్చుకోవాలనుకుంటే.

తర్వాత నీగన్‌ని అంతమంది ఎలా క్షమించారు?

అందరూ క్షమించలేదు. 2022 నవంబర్ 20న వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో నీగన్ పశ్చాత్తాపం చెప్తే, క్షమించడం తన వల్ల కాదని మ్యాగీ మొహం మీదే అంటుంది. 2023 జూన్‌లో మొదలైన ‘డెడ్ సిటీ’లో ఆ ఇద్దర్నీ మన్‌హట్టన్‌కి పంపి కథ నడిపారు. అది చూడబోయే ముందు ఆరో సీజన్ ఫినాలే మళ్లీ ఒకసారి చూడండి. గ్లెన్ వరసలోంచి లేచి దూకే చోటు ముఖ్యం. అప్పుడు నీగన్ చంపబోతున్నట్టు చూసింది మ్యాగీ వైపే.

ఇంట్లో పెద్దవాళ్లతో, పిల్లలతో చూడొచ్చా?

ఫినాలే వరకు పెద్దపిల్లలతో ఫర్వాలేదు, దెబ్బ కనపడదు, వినపడుతుంది. ఏడో సీజన్ మొదటి ఎపిసోడ్ మాత్రం వద్దు. మొదటి అరగంటలోనే తల పగలడం, కన్ను బయటికి రావడం ఏమీ దాచకుండా చూపిస్తారు. చివర్లో కార్ల్ చెయ్యి నరకమని రిక్‌ని ఒత్తిడి చేసే దృశ్యం దెబ్బల కంటే ఎక్కువ పట్టి పీడిస్తుంది. నరకనివ్వడు, ఆఖరి క్షణంలో నీగనే ఆపుతాడు. పక్కన కూర్చున్నవాళ్లకి ఇది ముందే చెప్పేస్తే కథకి వచ్చిన నష్టమేం లేదు. భోజనం ముందు కానిచ్చేయండి.